మా వంటిల్లు బాగుచేయించుకున్న సంగతి

సంఘస్తుల ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళినప్పుడు మమ్మల్ని ముందు గదిలో కూర్చోబెడతారు. ఫ్యాను వేస్తారు, మంచి కుర్చీ తుడిచి వేస్తారు. కాఫీ మాత్రం లోపలినుంచి వస్తుంది. ఆ లోపల ఎలా ఉంటుందో పద్దెనిమిదేళ్ళ పరిచర్యలో మేము చూసింది బహు తక్కువ. ఇతరుల ఇళ్ళ మాట అటుంచండి, మా సొంత ఇంటి వంటగదిలోనే మేము ఒక్కసారైనా పావుగంట నిలబడలేదన్న సంగతి 2024 నవంబరులో గాని మాకు తెలిసిరాలేదు. తెలిసివచ్చింది కూడా ఇంట్లో కాదు, విజయవాడలో ఒక డాక్టరు గారి గదిలో.

మా అమ్మగారికి డెబ్బై ఒకటో ఏడు. చలికాలం వస్తే దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వయసు కదా అనుకుంటూ వచ్చాము. ఆ రోజు డాక్టరు గారు ఒక గొట్టం ఇచ్చి, గట్టిగా ఊపిరి పీల్చి ఒక్కసారిగా ఊదమన్నారు. మా అమ్మ ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “యాభై ఏళ్ళనుంచి ఊదుతూనే ఉన్నాను నాయనా, ఇంకేం మిగిలింది ఊదడానికి” అన్నది. అందరం నవ్వాము. డాక్టరు గారు నవ్వలేదు. “ఏ పొయ్యి అమ్మా? ఇప్పటికీ వెలిగిస్తున్నారా?” అని అడిగారు. ఆ ప్రశ్న అమ్మను చూసి కాదు, మమ్మల్ని చూసి అడిగారు.

వెలిగిస్తున్నాము. అదే ఇక్కడ చెప్పవలసిన విషయము.

గన్నవరంలో మా ఇల్లు మా నాన్నగారు 1979లో వేసిన పెంకుటిల్లు. ముందు గదుల మీద తరువాత స్లాబు వేశాము గాని, వెనక వంటిల్లు మాత్రం పెంకులతోనే ఉండిపోయింది. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. పడమటి వైపు ఒక్క కిటికీ. అది తెరిస్తే ఎదురుగా పక్కింటివారి గోడ. మూలన మోకాలెత్తు దిమ్మ మీద మట్టితో వేసిన జంట పొయ్యి. దాని పక్కన చెక్క బల్ల మీద గ్యాసు పొయ్యి, బల్ల కింద సిలిండరు. నీళ్ళు బయటనుంచి బిందెతో రావాలి. గిన్నెలు పెరట్లో తోమాలి. అటక మీద జాడీలు, తపేళాలు, పెళ్ళిళ్ళకు తప్ప దించని గుండిగలు. తాటి దూలాలు మసి పట్టి నిగనిగలాడుతూ ఉండేవి. చిన్నప్పుడు మేము అది దూలాల అసలు రంగే అనుకునేవాళ్ళము.

పూర్వం మన వైపు వంటపాక ఇంటికి విడిగా ఉండేది. తాటాకు ఇళ్ళకు వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు గనుక పొయ్యిని దూరంగా పెట్టారు. పెంకుటిళ్ళు వచ్చాక పొయ్యి ఇంట్లోకి వచ్చింది. దానితోపాటు పొగా వచ్చింది. మా ఇంటి పొయ్యి ఎన్ని రకాల వంటచెరుకు తిన్నదో మా అమ్మ చెబుతుంది: సరుగుడు కట్టెలు, తుమ్మ మొద్దులు, కొబ్బరి మట్టలు, పిడకలు, మినపకట్టె. రైసుమిల్లు ఊకతో ఊకపొయ్యి, కోతమిల్లు రంపపు పొట్టుతో పొట్టుపొయ్యి కూడా కొన్నాళ్ళు నడిచాయి. పొట్టును డబ్బాలో కూరి, మధ్యలో రోకలి నిలబెట్టి తీసి, ఆ కంత గుండా మంట పెట్టేవారు. ఆ పొగ మిగతావాటికంటే ఘాటు. కిరసనాయిలు బత్తీల స్టవ్వు పొద్దున కాఫీకి మాత్రమే.

మా ఇంటికి గ్యాసు రాలేదా అంటే, ఎప్పుడో వచ్చింది. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం పెట్టి, పొదుపు సంఘాల్లో ఉన్న మహిళలకు డిపాజిట్టు లేకుండా కనెక్షన్లు ఇచ్చింది. మా అమ్మకు మరుసటి ఏడు వచ్చింది. ఆ సిలిండరు రిక్షాలో దిగిన రోజు వీధిలోవారు చూడవచ్చారు. దేశమంతటా ఇదే పని చేసిన ఉజ్జ్వల పథకం 2016 మే 1న ఉత్తరప్రదేశ్ బలియాలో మొదలైంది. మన స్త్రీలకు అప్పటికే పదహారు, పదిహేడేళ్ళ అనుభవం ఉంది.

అయితే గ్యాసు వచ్చినంత మాత్రాన పొగ పోలేదు. కాఫీ, కూర, తాలింపు గ్యాసు మీద; అన్నం, పప్పు, వేణ్నీళ్ళు కట్టెల మీద. సిలిండరు రెండు నెలలు రావాలి గదా! ఈ పొదుపును మేము మెచ్చుకున్నాము కూడా. “మా ఇంట్లో సిలిండరు డెబ్బై రోజులు వస్తుంది” అని ఇతరుల దగ్గర చెప్పిన మాట ఇప్పుడు జ్ఞాపకం వస్తే సిగ్గుగా ఉంటుంది. ఆ డెబ్బై రోజుల్లో మిగిలిన డబ్బు ఎవరి ఊపిరినుంచి మిగిలిందో మేము లెక్క వేయలేదు. వంటింటి పొగ మూలంగా 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అయిదేళ్ళలోపు పిల్లలే రెండు లక్షలకు పైన. ఆ పిల్లలు పొయ్యి ముట్టించినవారు కారు, పొయ్యి దగ్గర తల్లి ఒడిలో ఉన్నవారు.

నిజానికి ఈ విషయం మేము ఎన్నడూ చదవలేదని చెప్పలేము. థియాలజీ చదివే రోజుల్లో మద్రాసు క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీవారి పుస్తకాల మధ్య ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం మా చేతికి వచ్చింది. పేరు ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’. కోట్లమందికి పొగలేని వంటిళ్ళు అని చెప్పుకోవచ్చు. 1953లో అచ్చయింది. రాసినవారు డాక్టర్ ఎస్.పి.రాజు గారు, హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందినవారు. దేవుని వాక్య వ్యాఖ్యానాలు వేసే సంస్థ పొయ్యిల మీద పుస్తకం వేసిందేమిటా అని నవ్వుకుని, బొమ్మలు చూసి, మళ్ళీ అలమరలో పెట్టేశాము.

ఆ బొమ్మలు ఇప్పుడు అర్థమవుతున్నాయి. రాజు గారి పొయ్యి మట్టితో చేసేదే. బీదవారు సొంతంగా కట్టుకోవచ్చు. ఒక్క మంట మీద వరుసగా గిన్నెలు కూర్చునే కంతలు. చివర పైకప్పు దాటి పోయే పొగగొట్టం. గాలి ఎంత లాగాలో సరిచేసే తలుపు. పొగ గదిలోకి రాదు, మొదటి గిన్నె కింద మిగిలిన వేడి రెండో గిన్నెకు పోతుంది. పరిశోధనాలయం పేరు మీదనే దానికి హెర్ల్ చుల్లా అని పేరు. తెలుగు నేల మీద, స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లోనే, వంటింటి పొగ ఒక ఇంజనీరు పట్టించుకోవలసిన విషయమని ఒకరు అనుకున్నారు. మా అమ్మ అప్పటికి ఇంకా పుట్టలేదు.

మరి ఆ పొయ్యిలు ఏమయ్యాయి? 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002లో ముగించేలోగా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. వాటిలో చాలా మట్టుకు మూలబడ్డాయి. ఎందుకన్నదానికి ఒడిశాలో జరిగిన ఒక అధ్యయనం కొంత జవాబిస్తుంది. 2019లో నోబెల్ బహుమతి పొందిన ఎస్తేర్ డుఫ్లో, ఇంకా ఇద్దరు ఆర్థికవేత్తలు సుమారు 2,600 కుటుంబాలను నాలుగేళ్ళు గమనించారు. మొదటి ఏడు స్త్రీలు పీల్చే పొగ తగ్గింది. తరువాత ఆ లాభం కనబడకుండా పోయింది. పొగగొట్టం మసి దులపాలి, పగిలిన మట్టి మెత్తాలి. అది చేసే ఓపికా అలవాటూ ఇళ్ళల్లో నిలవలేదు, పొయ్యి వాడకమే తగ్గిపోయింది. పొయ్యి ఇవ్వడం ఒక రోజు పని; అది వంట చేసేవారి చేతికి ఒదగడం వేరే పని. ఇది చదివి మేము ఎవరినీ తప్పు పట్టలేకపోయాము, ఎందుకంటే మా ఇంట్లోనూ గ్యాసు ఉండి పొగ పోలేదు.

విజయవాడనుంచి తిరిగివచ్చిన రాత్రే మేము ఒక కాగితం తీసి కొత్త వంటింటి ప్లాను గీశాము. మూడు గోడల పొడుగునా గ్రానైటు గట్టు, కింద చెక్క అరలు, పైన అరలు, మూలన సింకు. మరునాడు ఒక దుకాణంలో చూపిస్తే కంప్యూటరు మీద రంగుల్లో గీసి ఇచ్చారు. ఖర్చు మూడు లక్షల ఇరవై వేలు. బొమ్మ ఎంతో బాగుంది. దాన్ని తెచ్చి మా శ్రీమతికి చూపించాము. ఆమె చాలాసేపు చూసి, “ఏమండీ, ఇందులో అత్తయ్యగారు ఎక్కడ కూర్చుంటారు?” అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. కూర్చోవడం అనే మాటే ఆ బొమ్మలో లేదు.

మా అమ్మ నిలబడి కూరగాయలు కోయదు. కత్తిపీట ముందు వేసుకుని నేల మీద కూర్చుంటుంది. ఆ పీట మీద ఆమె అరగంటలో కిలోన్నర గోరుచిక్కుడు కోస్తుంది. చాకు చేతికిస్తే పావుకిలోకే వేలు తెగుతుంది. అన్నం గంజి వార్చాలంటే సిబ్బి మూతపెట్టి గిన్నెను వంచాలి. అది నడుమెత్తు గట్టు మీద చేస్తే మరిగే గంజి పొట్ట మీదికి వస్తుంది. ఇవేవీ మేము ఎన్నడూ ఆలోచించినవి కావు. తినేవారికి ఎందుకు ఆలోచన వస్తుంది?

అప్పుడు మా శ్రీమతి ఒక పని చెప్పింది. ప్లాను పక్కన పెట్టి ఒక్క ఉదయం వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చోమన్నది. ఎనిమిదో తరగతి చదివే మా చిన్నవాడు అడుగులు లెక్కపెట్టాడు. పెసరట్లు, అల్లం పచ్చడి, పిల్లల క్యారేజీలు అయ్యేసరికి మా శ్రీమతి 388 అడుగులు వేసింది. అందులో సగానికి పైగా నీళ్ళ కోసం, గిన్నెల కోసం పెరట్లోకి. పదకొండుసార్లు వంగింది. పొగకు నాలుగుసార్లు కళ్ళు తుడుచుకున్నది. మాకు కాఫీ ఇచ్చింది గాని, తాను తాగింది చల్లారిన తరువాత.

ఇలా అడుగులు లెక్కపెట్టడం మేము కనిపెట్టినదేమీ కాదు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంవారు కార్మికుల ఇళ్ళు కట్టించినప్పుడు, 1926లో మార్గరెటె షుట్టె లిహోత్స్కీ అనే వనితా ఆర్కిటెక్టు వాటికి వంటగది గీసింది. రైలులో భోజనపు పెట్టె వంటగది ఆమెకు ఒక నమూనా. ఏ పనికి ఎంతసేపు పడుతుంది, ఎన్ని అడుగులు పడతాయి అని కొలిచి, సుమారు ఆరుంపావు అడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవులో అన్నీ అమర్చింది. అలాంటివి పదివేల వరకు కట్టారు. నేడు దుకాణాల్లో చూపించే అరలూ గట్లూ కలిసిన వంటగదులన్నిటికీ ఆమె గీసినదే పెద్దమ్మ. అయితే అందులో ఒక్క మనిషికే చోటు. ఇద్దరు వంట చేస్తే భుజాలు తగులుతాయి. మన ఇళ్ళల్లో అత్త, కోడలు, పండగకు వచ్చిన ఆడపడుచు అందరూ ఒకేసారి వంటింట్లో ఉంటారు. అక్కడి లెక్క తెచ్చుకోవచ్చు గాని, అక్కడి గది తెచ్చుకోరాదని మాకు తోచింది.

కనుక ఎత్తుల దగ్గర మొదలుపెట్టాము. మేస్త్రీ వచ్చి, “గట్టు మూడడుగులు అయ్యగారూ, అందరికీ అంతే” అన్నాడు. అందరికీ అంతే ఎలా అవుతుంది? నిలబడి మోచెయ్యి మడిచినప్పుడు మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో చూసి, దానికి నాలుగంగుళాల కిందుగా గట్టు ఉంటే కోసేటప్పుడు, కలిపేటప్పుడు భుజం లేవదు, నడుము వంగదు. మా శ్రీమతి అయిదడుగుల ఒక అంగుళం. మోచెయ్యి ముప్పై ఎనిమిది అంగుళాల దగ్గర వచ్చింది. గట్టు రెండడుగుల పది అంగుళాలు చేయించాము. గ్యాసు పొయ్యి దానంతటదే ఆరంగుళాల ఎత్తు ఉంటుంది, దాని మీద గిన్నె. కనుక పొయ్యి పెట్టేచోట మాత్రం గట్టును నాలుగంగుళాలు దించాము. గట్టు ఒకే తీరుగా ఉంటేనే అందమని మేస్త్రీ బాధపడ్డాడు. అతని భార్య ఒకరోజు సద్ది తెచ్చి, ఆ గట్టు ముందు నిలబడి, చేతులు ఆడించి చూసి, “మనింట్లో ఎందుకు ఇలా కట్టలేదు?” అని అతన్ని అడిగింది. ఆ తరువాత అతను అందం సంగతి ఎత్తలేదు.

అమ్మ కోసం తూర్పు గోడ వారన మూడడుగుల చోటు ఏ గట్టూ లేకుండా వదిలాము. కత్తిపీటకూ ఆమెకూ అది చాలు. దాని పక్కన ఒకటిన్నర అడుగుల ఎత్తులో చిన్న దిమ్మ, దానికి తూము. గంజి అక్కడే వారుస్తారు. రుబ్బురోలు పెరట్లో వేపచెట్టు కిందికి వెళ్ళింది. గారెల పిండికి ఇప్పటికీ దానికే మొక్కు; గ్రైండరు పిండితో గారె రబ్బరులా ఉంటుందని అమ్మ తీర్పు.

ఇక అరలు. దుకాణంవారు చూపించిన చెక్క అరలు వద్దనుకోవడానికి మాకు వేరే కారణం ఉంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగిన సంగతి చదువరులకు తెలుసు. మా యౌవనస్థులతో కలిసి భోజనం పొట్లాలు తీసుకుని వెళ్ళాము. నీరు తీశాక మళ్ళీ వెళితే ఏ వీధిలో చూసినా ఇళ్ళముందు వంటింటి అరల తలుపులు కుప్పలుగా పడి ఉన్నాయి. పొట్టు అదిమి చేసిన పలకలు నీళ్ళు తాగి అట్టుల్లా ఉబ్బిపోయాయి. ఇంకా వాయిదాలు కడుతున్నామని ఒక తల్లి చెప్పింది. అదే వీధిలో పాత ఇంట్లో కడప రాతి పలకల అరలు కడిగితే మళ్ళీ ఎప్పటిలా ఉన్నాయి. వరద రాకపోయినా మన డెల్టా నేలలో చెమ్మ, చెద తప్పవు. కనుక కింద అరలన్నీ కడప రాతి పలకలే. ముందు అల్యూమినియం చట్రపు తలుపులు.

గట్టు పైన మాత్రం కడప రాయి వద్దు. అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే తెల్లటి మచ్చ తింటుంది, ఎంత తోమినా పోదు. గ్రానైటుకు ఆ బాధ లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు, నల్లని ఆకాశంలో చుక్కలు చల్లినట్టుండేది, దేశదేశాలకు పోతుంది. ధర విని నమస్కరించి, మామూలు బూడిదరంగు పలక తెచ్చుకున్నాము.

గోడలు మార్చలేదు. పెంకులు దించి, పగిలినవి మార్చి, మధ్యలో నాలుగు గాజు పెంకులు వేయించాము. మొత్తం పనిలో అతి చౌకగా, అతి గొప్పగా కుదిరింది ఇదే. పొద్దున ఏడింటికి లైటు అక్కరలేదు. వెలుగు పడ్డాక గాని తెలియలేదు, ఆ గదిలో నలభై అయిదేళ్ళు అమ్మ బియ్యంలో రాళ్ళు చీకట్లో ఏరిందని.

పొయ్యి ఎక్కడుండాలన్న చర్చ ఒకటి జరిగింది. ఆగ్నేయంలో లేదని బంధువుల్లో ఒకరు మొగం చిట్లించారు. మేము వాస్తు చూసేవాళ్ళము కాము, గాలి చూశాము. మా ఇంటికి సాయంకాలపు గాలి దక్షిణంనుంచి వస్తుంది. ఆ వైపు పొయ్యి పెడితే తాలింపు ఘాటంతా పడకగదికే. ఉత్తరపు గోడకు పొయ్యి, దాని పైన గాలి బయటకు లాగే ఫ్యాను, ఎదురు గోడలో గాలి వచ్చే కిటికీ. గాలి వచ్చే దారి లేకుండా లాగే ఫ్యాను పెడితే అది ఉత్తగా తిరుగుతుంది.

అన్నిటికంటే కష్టమైంది పాత మట్టి పొయ్యి. అది తీయడానికి అమ్మ ఒప్పుకోలేదు. అలవాటు అనుకున్నాము, చాదస్తం అనుకున్నాము. నాన్నగారి జ్ఞాపకమేమో అని కూడా అనుకుని మెత్తగా మాట్లాడాము. ఆమె ఏమీ చెప్పలేదు. చివరికి ఒక మధ్యాహ్నం కోడలితో అన్నది: “అమ్మాయ్, ఆ బండ పక్కన నిలబడి అన్నం వండాలంటే నాకు కాళ్ళు వణుకుతాయి.” ఎన్నో ఏళ్ళ క్రితం మా వీధిలో ఒక ఇంట్లో గ్యాసు అంటుకుని ఇల్లాలు కాలిపోవడం ఆమె కళ్ళారా చూసింది. అప్పటినుంచి ఎవరూ లేనప్పుడు గ్యాసు వెలిగించేది కాదు. పొదుపు అని మేము మెచ్చుకున్నది, సగం వరకు, భయము. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి మాకు తెలియలేదు.

భయానికి మాటలు చాలవు గనుక ఏజెన్సీ మెకానిక్కును పిలిపించి, ఆమె ముందే అన్నీ అడిగాము. అతను చెప్పినవి చదువరులకూ పనికివస్తాయి. వంటగ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద నీళ్ళలా పరుచుకుంటుంది. కనుక పై కిటికీ ఒక్కటే చాలదు, గడప దగ్గర కూడా గాలికి దారి ఉండాలి. గ్యాసుకు తనకంటూ వాసన లేదు; తెలియడానికి ఘాటు వాసన మందు కలుపుతారు. ఆ వాసన వస్తే స్విచ్చి వేయరాదు, తీయరాదు. రెగ్యులేటరు కట్టి తలుపులు తెరవాలి. సిలిండరు నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. రబ్బరు ట్యూబు అయిదేళ్ళకొకసారి మార్చాలి. సిలిండరు మెడ దగ్గర పట్టీ మీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి: ఏ, బి, సి, డి అనేవి మూడేసి నెలల వాయిదాలు, అంకె సంవత్సరం. ఆ గడువు దాటిన బండ వస్తే తిప్పి పంపవచ్చు. మా ట్యూబు చూస్తే తొమ్మిదేళ్ళ నాటిది. పగుళ్ళు వేలికి తగిలాయి. అమ్మ భయం ఉత్తది కాదన్నమాట!

సిలిండరును గోడ బయట, గాలి ఆడే ఇనుప జాలీ గూటిలో పెట్టించి, లోపలికి రాగి గొట్టం వేయించాము. రబ్బరు ట్యూబును గోడలోంచి పోనివ్వరాదు. లోపల గట్టు దగ్గర ఒక తాళపు కాక్ ఉంది; అమ్మ వంట అయిపోగానే తన చేత్తో కడుతుంది, రాత్రి ఇంకొకసారి చూస్తుంది. వేణ్నీళ్ళకు చిన్న గీజరు పెట్టించాము. ఆదివారం ఆరాధన తరువాత పదిహేనుమంది భోజనానికి ఉంటారు. పెద్ద తపేళా మామూలు పొయ్యి మీద నిలవదు. దానికి వెడల్పు బర్నరున్న పొయ్యి తీసుకున్నాము. ఇన్ని జరిగాక ఒకరోజు అమ్మే అన్నది, “ఇంక ఆ మట్టిది ఎందుకు, తీసెయ్యండి” అని. ఆ మట్టిని మునగచెట్టు మొదట్లో పోశాము.

ఖర్చు మొత్తం 1,36,000 రూపాయలు అయింది. అందులో ఎనభై వేలు మా శ్రీమతి చీటీ డబ్బు. పని జరుగుతుండగా సంఘపెద్దల్లో ఒకరు వచ్చి, ఇటుకలూ ఇసుకా చూసి, “అయ్యగారూ, గుడి ప్రహరీ సగంలో ఉంది కదా” అన్నారు. ఆయన మంచి మనస్సుతోనే అన్నారు. మేము కొంచెంసేపు తల దించుకున్నాము. తరువాత ఆయనను లోపలికి పిలిచి, కొత్త గట్టు పక్కన ఇంకా కూలగొట్టని మట్టి పొయ్యి దగ్గర నిలబెట్టాము. అమ్మ అప్పుడే అన్నం దించుతున్నది. రెండు నిమిషాల్లో ఆయన దగ్గుతూ బయటకు వచ్చారు. ప్రహరీ మాట మళ్ళీ ఎత్తారు గాని, వచ్చే సంవత్సరానికి అన్నారు.

పని 2025 మే నెలాఖరుకు ముగిసింది. మా చిన్నవాడు మళ్ళీ లెక్కపెడితే అదే పెసరట్ల ఉదయానికి 140 అడుగులు. అమ్మ దగ్గు తగ్గింది, పోలేదు. ఊపిరితిత్తులకు జరిగిన నష్టం తిరిగి రాదని డాక్టరు గారు ముందే చెప్పారు. ఇకపై పెరగకుండా చూసుకోవడమే. పీల్చే మందు రెండుపూటలా వాడుతున్నది. ఈ చలికాలం ఎలా ఉంటుందో చూడాలి.

లోపాలూ ఉన్నాయి. పై అర మా శ్రీమతికి అందనంత ఎత్తయింది. అక్కడ ఏమీ పెట్టడం లేదు. సింకు పక్కనే స్విచ్చి బోర్డు పెట్టించాము, తడిచేత్తో తగులుతుందని అమ్మ మొదటిరోజే పట్టుకుంది. దాన్ని అవతలి గోడకు మార్చాలి. మేస్త్రీ శనివారం వస్తానన్నాడు, రెండు శనివారాలు అయ్యాయి.